గార కింది పొర

కొడుకు చెక్కిన చేప గుర్తు మీద తండ్రి చేతనే గార పూయించాడు కాంట్రాక్టరు. కోడలు పక్కనే నిలబడి చూసింది. ఆ కొడుకు ఆమె భర్త; రెండేళ్ల కిందట ఈ కొండచరియ కిందే బండ మీదపడి పోయాడు.

చరియలో పొరకొక యుగం. ఏనాటి సముద్రానివో శంఖాలు రాళ్లయి మిగిలాయి. వాటిని కాపాడాలని ప్రభుత్వం కంచె వేయించి, బోర్డు పెట్టించి, చూడవచ్చినవారికి వివరించే కొలువు కోడలికి ఇచ్చింది. బస్తీ ఆమెకు ‘బోర్డమ్మ’ అని పేరు పెట్టింది. కంచె పని దక్కించుకున్న కాంట్రాక్టరు మాత్రం దాన్ని రాతిపనివాళ్ల గుడిసెల అవతలి దాకా లాగి, గేటుకు తాళం వేశాడు. మంచినీళ్లకు పోవాలన్నా అతని చీటీ కావాలి. బోర్డు మీది ఆఖరి వాక్యం: ‘ఇక్కడ మనుషులెన్నడూ నివసించలేదు.’ మర్నాడు వచ్చే అధికారులు దానికి తలూపితే గుడిసెలు లేచిపోతాయి. కాదనడానికి ఉన్న సాక్ష్యమల్లా, రాయి కొట్టే ఏ చోటు ఎవరిదో తెలిసేలా ఇంటింటివారూ తరతరాలుగా చరియ అంచున చెక్కుకున్న గుర్తులే. ఇప్పుడవన్నీ గార కింద ఉన్నాయి.

ఆ సాయంత్రం బస్తీ కూడింది. శంఖాలనే పిండి చేస్తే పీడా వదులుతుందన్నారు కుర్రకారు. శంఖాలు మన కొంప కూల్చలేదనీ, కంచె ఎవడి చేతిలో ఉందన్నదే తగువనీ కోడలు వాదించింది.

“నీకేం బోర్డమ్మా, నెల తిరిగితే జీతం” అని దెప్పింది పొరుగింటామె.

మామ తలెత్తాడు. “రేపు వాళ్లకి చెప్పేది నువ్వే కదమ్మా. ఏం చెబుతావు?”



మర్నాడు కోడలు అధికారుల ముందు ఒక్కో పొరా వివరించుకుంటూ ఆఖరి వాక్యం దాకా వచ్చి ఆగిపోయింది. కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు.

“ఇంకో పొర ఉందండీ,” అంది. “దానికి బోర్డు పెట్టలేదు.”

మామ చేతిలోని ఉలీ సుత్తీ అందుకుంది. రాయికి గీత పడకుండా, గార మాత్రమే రాలేలా కొట్టింది. చేప తోక బయటపడింది. ఎవరూ చెప్పకుండానే బస్తీ అంతా కదిలింది; ఎవరి గుర్తు ముందు వారు నిలబడ్డారు.

వారసత్వ సంపదను ధ్వంసం చేశారన్నది పోలీసులు పెట్టిన కేసు. కోడలినీ మామనూ వ్యాన్ ఎక్కించారు. చీటీ అడగకుండా గేటు తెరుచుకోవడం అదే మొదటిసారి.

మామ చెవి ఒగ్గి విన్నాడు. వెనక గార మీద మళ్లీ ఉలి చప్పుడు మొదలైంది.

“అది మన పొరుగింటామె దెబ్బేనమ్మా,” అన్నాడు. “చెయ్యి కాస్త బరువు.”