సత్తయ్య పసుపు కుప్ప

జైపాల్ పదకొండేండ్లు మస్కట్‌ల డ్రైవర్ పని చేసి వాపసచ్చినంక, ట్రాక్టర్ ఎనుక కట్టుకొని తిప్పే పసుపు ఉడికించే బాయిలర్ ఒకటి కొన్నడు. ఆళ్లది మేడిపల్లి దిక్కు చిన్న ఊరు. చలికాలం ఎల్లిపోతుంటే పసుపు తవ్వుడు మొదలయితది. ఆ రెండు నెలలు జైపాల్‌కు కూసొని తినే తీరిక ఉండదు. ఏ చేనుకు పోయినా ముందుగాల చాయ పోసి, తర్వాత పని చెప్పేటోళ్లు. ఊరంతా తనోళ్లే అన్న ధీమా ఆయనకు ఉండేది.

ఈ ఏడు సీజన్ మొదలుగాక ముందే ఊర్ల లొల్లి లేచింది. బస్సు ఆగే కాడ సత్తయ్యకు నాలుగు గుంటల జాగ ఉన్నది. అండ్ల కిరాయికిచ్చే దుకాణాల మడిగెలు కట్టాలని ఊరి కమిటీ అనుకున్నది. అది ఊరుమ్మడి జాగ అని కమిటీ, మా తాతలనాటిదని సత్తయ్య. మాట మాట పెరిగి సత్తయ్య పోలీస్ స్టేషన్‌ల కాయితం ఇచ్చిండు. ఊరిని ఠాణా మెట్లెక్కించిండని కమిటీకి కోపమచ్చింది. ఆ ఆయితారం పొద్దుగాల అందరిని పంచాయతి ఆఫీసు ముంగట కూసోబెట్టిన్రు. కమిటీ పెద్ద రంజిత్ లేచి నిలబడ్డడు. సత్తయ్య చేన్లకు ఎవలూ పనికి పోవద్దు, దుకాణంల ఆయనకు సామాను ఇయ్యద్దు, మాట్లాడినోళ్లకు దండుగ ఏస్తం అని చెప్పిండు.

"ఒప్పుకున్నోళ్లు చెయ్యెత్తున్రి" అన్నడు.

ఆ జాగ ఎవలదో జైపాల్‌కు ఎరుకే. ఆయన నాయిన ఆ ఊరికి మస్కూరి, సర్కారు పనులకు ఎంబడి తిరిగే నౌకరు. భూములు కొలిచేటందుకు సర్వేయర్ అచ్చినప్పుడల్లా గొలుసు గుంజే పని ఆయనదే. పదేండ్ల జైపాల్ ఒకసారి నాయిన ఎంబడి పోయి ఆ గొలుసు కొస పట్టుకున్నడు. "గిదిగో, ఈ రాయికి ఇవతల సత్తయ్యోళ్లది, అవతల ఊరిది" అని నాయిన హద్దురాయి మీద చెయ్యేసి చూపిచ్చిండు. ఇప్పుడా రాయి మట్టికుప్పల కింద పడి కనవడకుంట అయ్యింది. సత్తయ్యోళ్లు కాకుంట, అది చూసినోళ్లల్ల బతికున్నది జైపాల్ ఒక్కడే.

లేచి చెప్తే అయిపోయేది. ఆయన కుడిదిక్కు చూసిండు, ఎడమదిక్కు చూసిండు. అన్ని చేతులు లేచే ఉన్నయి. తన చెయ్యి సుత లేచింది.

ఇంటికచ్చి భార్య శ్రీలతకు చెప్పిండు. ఆమె కూరగాయలు కోసుకుంటనే విన్నది.

"నువ్వొక్కనివి చెప్తే ఏమయితది? రేపు మన బాయిలర్‌ను సుత ఎవలూ పిలువకపోతే?"

ఆమె అన్నదాంట్ల తప్పేమున్నది అనుకున్నడు జైపాల్. తప్పేం లేదనుకుంటనే నాలుగు దినాలు అన్నం సగం ఇడిసిపెట్టి లేచిండు.

సత్తయ్యకు ఎకరం పసుపు ఉన్నది. కూలోళ్లు ఎవలూ పోలే. సిరిసిల్లల ఉన్న బిడ్డ వారం దినాలు అచ్చి సాయం చేసి పోయింది. మిగిలినదంతా ఆలుమగలిద్దరే తవ్విన్రు. తవ్విన పసుపును దినాల తరబడి పచ్చిగ ఉంచితే లోపల వేడి పుట్టి మురుగుతది. సత్తయ్య జైపాల్‌కు ఫోన్ చేసిండు. పేరు చూసి జైపాల్ ఎత్తలే. తెల్లారి మళ్ల చేసిండు. ఎత్తలే.

మూడో దినం సత్తయ్య భార్య వజ్రమ్మ ఇంటికే అచ్చింది. గేటు లోపలికి రాలే, బయటనే నిలబడ్డది.

"తమ్మీ, ఒక్క పూట అచ్చి పోతివంటే కుప్ప దక్కుతది."

"మిషన్ ఖరాబైంది వదినె" అన్నడు జైపాల్.

మిషన్ వాకిట్లనే ఉన్నది. పొద్దుగాల్నే వేరే చేన్ల ఉడకబెట్టి తెచ్చిండు. డ్రమ్ముల అంచులకు తడి పసుపు ఇంకా అంటుకొనే ఉన్నది. వజ్రమ్మ దాని దిక్కు చూసింది, మళ్ల జైపాల్ దిక్కు చూసింది.

"బాగైనంక చెప్పు తమ్మీ" అని ఎల్లిపోయింది.

ఆమె తిడితే బాగుండు అనిపిచ్చింది. తన అబద్ధాన్ని ఆమె సుత మోసుకపోయినట్టు అనిపిచ్చి, ఆ పూట ఆయన శ్రీలత మొకం సుత చూడలేకపోయిండు.

అటెనుక సత్తయ్య చేను పక్క తొవ్వల పోయినప్పుడల్లా జైపాల్ ట్రాక్టర్‌ను జోరుగ కొట్టేటోడు. అయినా కుప్ప మురుగుతున్న వాసన తగిలేది. ఇగ ఎవలూ రారని తెలిసి సత్తయ్య అటుక మీదున్న పాత కడాయి దించిండు. పసుపు ఆకు పొయ్యిల పెట్టి ఎనకటి పద్ధతిల ఉడకబెట్టబోయిండు. నలుగురు పట్టి దించే కడాయి అది. ఇద్దరితోని ఆగలే. మసిలే నీళ్లు కాలు మీద పడ్డయి. ఊరి ఆటోలు ఏవీ రాకపోతే, రోడ్డు మీద పోయే కథలాపూర్ వ్యాను ఒకటి ఆపి వజ్రమ్మ ఆయనను కోరుట్ల దవాఖానకు తీసుకపోయింది.

ఆ ముచ్చట విన్న తెల్లారే జైపాల్ కోరుట్ల పోయిండు. సత్తయ్య మోకాలి దాకా కట్టుతోని మంచం మీద కూసొని ఉన్నడు. జైపాల్ నిలబడే మాట్లాడిండు.

"తప్పయింది సత్తన్నా."

"నువ్వొక్కనివి చేసింది కాదు గదా. అందరితోపాటే" అన్నడు సత్తయ్య.

"గట్ల కాదు. ఆ రాయి నేను చూసిన. చిన్నప్పుడు గొలుసు నేనే పట్టిన."

"నీకెరుకని నాకెరుకే" అన్నడు సత్తయ్య. "మీటింగ్ నాడు నువ్వు లేస్తవని నీ దిక్కే చూసుకుంట కూసున్న."

అంతమంది చేతుల నడుమ ఒక మనిషి తన చెయ్యి ఒక్కటే చూసుకుంట కూసున్నడని జైపాల్‌కు అప్పటిదాకా తెల్వదు. గుంపుల ఉంటే ఎవలకూ కనవడనని అనుకున్నడు.

తెల్లారి పొద్దెక్కినంక, అందరు చూస్తుండంగనే బాయిలర్ కట్టుకొని ఊరి నడుమ నుంచి సత్తయ్య చేనుకు బయలెల్లిండు. పంచాయతి ఆఫీసు కాడ రంజిత్ బండికి అడ్డం నిలబడ్డడు.

"ఏడికే జైపాలన్నా?"

"సత్తన్న చేనుకు."

"నువ్వు సుత చెయ్యెత్తినవు గదనే."

"ఎత్తిన. తప్పు చేసిన. ఆ జాగ సత్తన్నదే, హద్దురాయి ఏడున్నదో నాకెరుక. మండల ఆఫీసుల సుత చెప్త."

"ఒక్కనివైపోతవు, ఆలోచన చేసుకో."

జైపాల్ బండి గేరేసిండు. రంజిత్ పక్కకు జరిగిండు.

చేన్ల వజ్రమ్మ కుప్ప ముంగట కూసొని మంచి కొమ్ములు ఒకదిక్కు, మురిగినయి ఒకదిక్కు ఏరుతున్నది. జైపాల్‌ను చూసి లేవలే. ఆయన సుత పక్కన కూసొని ఏరిండు. వేలితోని ఒత్తితే మెత్తగ నీరు కారే కొమ్ములే ఎక్కువ. ఎకరం పసుపుకు దినమంతా నడవాల్సిన మిషన్ అది. పగటీలి అన్నం యాళ్లకే పని ఒడిసింది. నాలుగు డ్రమ్ములల్ల రెండు వట్టిగనే ఉన్నయి.

"రెండు వారాల కింద అచ్చుంటే…" అన్నడు జైపాల్.

"అచ్చుంటే మంచిగుండు" అన్నది వజ్రమ్మ, అంతే.

అటెనుక మండల ఆఫీసుల జైపాల్ చూసింది చూసినట్టు చెప్పిండు. సర్వేయర్ అచ్చి, తవ్విచ్చి, రాయి తేల్చిండు. మడిగెల పని ఆగిపోయింది. సత్తయ్య ఇంటి మీద పెట్టిన ఊరి కట్టుబాటు ఎత్తేసినమని ఎవలూ చెప్పలే గని, దుకాణపోడు వజ్రమ్మకు సామాను ఇయ్యబట్టిండు. జైపాల్ బాయిలర్‌ను మాత్రం ఆ సీజన్‌ల ఊర్ల ఎవలూ పిలువలే. శ్రీలత రెండు దినాలు కోపంతోని ఉన్నది. మూడోనాడు మెట్‌పల్లి దిక్కున్న ఆమె చుట్టాలకు తానే ఫోన్ చేసి, పసుపు ఉడకబెట్టే పని ఉంటే చెప్పమన్నది.

గట్ల ఒకనాడు కథలాపూర్ అవతల దేవేందర్ అనే రైతు చేనుకు పోయిండు జైపాల్. ఆ రైతు చాయ తెచ్చి చేతికిచ్చిండు.

"ఊరంతా ఒకదిక్కుంటే నువ్వొక్కనివే ఎదురు నిలబడ్డవట గదనే. గట్టి మనిషివే."

"నెల దినాలు నేను సుత ఊరి దిక్కే ఉన్ననే" అన్నడు జైపాల్.

అణకువతోని అంటున్నడనుకొని దేవేందర్ నవ్విండు. జైపాల్ చాయ తాగకుంటనే గిలాస గట్టు మీద పెట్టి, డ్రమ్ముల పసుపు పోయబట్టిండు.