ఓబాకో దారి

అగ్నిపర్వతం కక్కిన బూడిద మీద ముందు ఏ మొక్క వస్తుందో, దాని వెనక ఏది వస్తుందో చూడాలని ప్రొఫెసర్ మిజుసావా హత్సుయె ఆ కొండవాలులో కొంత నేలకు కంచె వేసింది. లోపల ఎవరూ అడుగు పెట్టకూడదు, తనతో సహా. పెళ్లీ పెటాకులూ లేకుండా కంచె బయటే కూర్చుని, నాచు వెనక గడ్డి రావడం చూస్తూ ముసలిదైపోయింది. ఈ విద్యకు ఈ దేశంలో ఓనమాలు దిద్దించిందే ఆవిడ. ఒక వసంతంలో పోయింది.

ఓబోన్ పండుగకు చనిపోయినవాళ్లు ఇంటికొస్తారు. గుమ్మంలో మంట వేసి పిలుస్తారు, పండుగ కాగానే ఇంకో మంట వేసి సాగనంపుతారు. ఆవిడకు ఇల్లెక్కడిది? చిసాతో అనే శిష్యురాలు కంచె దగ్గరే జనపకట్టెలు వెలిగించి పిలిచింది. సాగనంపే మంట మాత్రం వేయలేదు. చేతులు రాలేదు, అంతే.

మరుసటి వేసవికి కంచెలోపల ఓబాకో మొలిచింది. మామూలు కలుపుమొక్కే, కానీ తొక్కుడు పడే చోటే బతుకుతుంది. తొక్కడం ఆగిందా, పక్క గడ్డి కమ్మేస్తుంది. అలాంటిది నడుమెత్తు గడ్డిలో, కంచె నుంచి నేల మధ్యదాకా, ఒకటే బారుగా నిగనిగలాడుతోంది.

"ఎవడో దొంగతనంగా తిరుగుతున్నాడండీ," అన్నాడు ఆమెతో పనిచేసే మినెయో. "మనిషి అడుగు పడిందని పైవాళ్లకి తెలిస్తే కంచె పీకించేస్తారు. ఆవిడ బతుకంతా చేసిన పని బూడిదపాలే."

"గడ్డి ఎక్కడైనా విరిగిందా?" అని అడిగింది చిసాతో.

"లేదే! ఓబాకో ఆకులే నలిగున్నాయి. ఇప్పుడే నలిగినట్టు తడిగా... బాబోయ్, నేను పోతున్నా. మీరూ రండి, మీ మొండితనం పాడుగానూ!"

చిసాతో కదల్లేదు. చూస్తుండగానే ఒక ఆకు నేలకు అణిగింది. తర్వాత దాని ముందుది. గాలి లేదు. ఆమెకు భయం కంటే సంతోషమే ఎక్కువైంది. మోకాళ్ల నొప్పితో ఆగి ఆగి నడిచే ఆ నడక తనకు తెలియనిదా?

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆవిడ కాపాడిన నేలను ఆవిడ పాదాలే పాడుచేస్తున్నాయి.

"సెన్సే, లోపలికి రాకూడదన్నది మీరే కదండీ," అంది గురువుతో. "పిలిచింది నేను. పంపాల్సిందీ నేనే. వెళ్లండి ఇంక."

నిరుడు మిగిలిన జనపకట్టెలతో సాగనంపే మంట వేసింది. ఆకు అణగడం ఆగింది. పొగ వాలు వెంట దిగిపోయింది.

చలిగాలులు మొదలయ్యేలోగా గడ్డి ఆ దారిని పూర్తిగా మూసేసింది.

"గండం గట్టెక్కింది!" అన్నాడు మినెయో.

చిసాతో కంచె బయట మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిలోకి తొంగి తొంగి చూసింది, ఒక్క ఆకైనా నలిగి ఉందేమోనని. ఎక్కడా లేదు.