ఏసుమణి తోటకొచ్చిన దొరువు

ఈ సంగతి నాకు మొదట చెప్పింది చిన్నపోలయ్య. ఆ రోజు పార పట్టినవాడు ఆయనే కాబట్టి ఆయన మాటే లెక్క. మిగతావాళ్లు చెప్పేది గాలికబురు.

అరవై మూడో సంవత్సరం, మాఘమాసం. కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే అన్నీ ఇసక దిబ్బలే. ఆ ఇసకలో మూడు మూరల గుంట చాలు, తియ్యటి నీళ్లు ఊరతాయి. దాన్నే దొరువు అంటాం. ఇంకో జాన లోతుకు పోతే ఉప్పునీళ్లు పైకొచ్చి ఆ చోటు కూరమొక్కకు పనికిరాకుండా పోతుంది.

ఏసుమణి ఏటా చేసే పనే ఆ ఏడూ చేసింది. తాటిమట్టల దడి బిగించింది. మేకల ఎరువు చల్లింది. వంగకూ మిరపకూ మళ్లు కట్టింది. మొగుడు పోయినాక ఆ అరెకరం తోటే ఆమెకు కూడు. నేల మాత్రం జయరామయ్యది. మాఘ పున్నమికల్లా మళ్లు తడవకపోతే సరుగుడు నాటిస్తానని ఆయన ముందే చెప్పినాడు.

చలికాలంలో దొరువు సముద్రం ఒడ్డుకు పోయి, మాఘంలో తిరిగొచ్చేది. మా దిబ్బల్లో దొరువులన్నీ అంతే. మేతకు పోయిన గొడ్డు కోసం చూసినట్టు చూసేవాళ్లం. అది దారిలో ఉండగా పార చప్పుడు చేయకూడదు, బెదురుద్ది. ఆ ఏడు పున్నమి వచ్చినా దొరువు రాలేదు.

పొద్దున్నే జయరామయ్య గొడుగేసుకొని వచ్చినాడు. వెనకాల రెండు బండ్ల సరుగుడు మొక్కలు.

"ఏమ్మే, మాట గుర్తుందా?"

"పొద్దుగూకే దాకా పున్నమే గదయ్యా."

"అంతసేపుంటే మొక్కలు వాడిపోతాయి. పోలయ్యా, తవ్వు. నీళ్లు పడితే ఆమెది, లేకుంటే నాది."

చిన్నపోలయ్య ఆయన కాడ జీతగాడు. తవ్వినాడు. మూడు మూరలైంది. ఇసక చెమ్మగా ఉందే గానీ చుక్క లేదు.

"ఇంకో జాన" అన్నాడు జయరామయ్య.

"ఉప్పు తగులుద్దయ్యా."

"తగలనీ. సరుగుడుకు ఉప్పేం చేస్తుంది?"

ఏసుమణి గుంట అంచున కూర్చోని కిందికి చూసింది. "పోలన్నా, నీ చేతుల్తోనే చంపుతావా నా తోటను?"

"చేతులు నావే. వాటికి కూడు పెట్టేది ఆయన గదమ్మా."

పార ఎత్తినాడు. ఎత్తిన పార ఎంతసేపు అట్నే ఉందో ఆయనకే తెలవదు. చెమట కళ్లలోకి కారతావుంది. కడకు దాన్ని ఇసకలో పడుకోబెట్టి పైకి వచ్చినాడు.

"ఏందిరా?"

"నడుం పట్టిందయ్యా. తమరే తవ్వుకోండి."

జయరామయ్య చెప్పులు విడిచి పార కోసం వంగినాడు. అప్పుడు వినపడింది, నిండు కడవ తొణికే చప్పుడు. దొరువు వస్తావుంది. తూర్పు దిబ్బ దిగి, వయసైన మనిషిలాగా ఆగి ఆగి వచ్చింది. తవ్విన గుంట దాకా వచ్చి, పారను చూసిందో ఏమో, పక్కకు తిరిగింది. దడి కింద దూరి, హద్దురాయి దాటి, పది గజాల అవతల కూలబడింది. అది సర్కారు బీడు.

"నీళ్లు నా నేలలో పడలేదు. నేల నాదే" అన్నాడు జయరామయ్య.

"తీసుకోండయ్యా" అనింది ఏసుమణి. కడవలు రెండూ పట్టుకొని, కట్టిన మళ్లు అట్నే వదిలేసి, రాయి దాటింది. సాయంత్రానికి చిన్నపోలయ్య దడి మట్టలు మోసుకొచ్చి ఆమె కాడ దించినాడు. అప్పటికే ఆయన్ను జీతంలోంచి తీసేసినారు.

మూడేళ్లకు ఆ బీడు ఆమె పేరున పట్టా అయింది. దొరువు మళ్లా సముద్రానికి పోలేదు.

ఇప్పుడు దాని గట్టున జయరామయ్య కొడుకులు ఒక రాయి నాటినారు. కూడబలుక్కొని చదివినా: 'జయరామయ్య గారు దానమిచ్చిన తోట'. ఆ రాయి పక్కన నేను చెంబుడు నీళ్లు కూడా తాగను. చిన్నపోలయ్య పోయి రెండేళ్లయింది. చదువొచ్చినవాళ్లు ఎవరన్నా పోయి ఆ అక్షరాలు చెక్కి తీసేయండి. దొరువు తనంతట తానే వచ్చిందనీ, అంతకుముందు పార దించినవాడు చిన్నపోలయ్య అనీ రాయండి. ఆయన పేరు తప్పు లేకుండా రాయండి.