కవరు మీద కవరు

కీబోర్డు మీది ప్లాస్టిక్ కవరు ముడి విప్పి, చెమ్మ తుడిచి, మడతపెట్టి సొరుగులో పెట్టాడు మల్లేశు. మిడిల్ పాయింట్ పేటలో ఉన్న ఆ ఆఫీసు కిటికీలోంచి సముద్రపు గాలి వస్తుంది. ఉప్పుకి మీటలు పట్టేస్తాయి. చేరినప్పటినుంచీ రోజూ సాయంత్రం కవరు కట్టి వెళ్తాడు, పొద్దున విప్పుతాడు. మిగతావాళ్ళు కట్టరు.

ప్రైవేటు బోట్లకి టికెట్లు అమ్మే ప్రోగ్రాము ఆ ఆఫీసుది. రాసింది మల్లేశు. నిన్న యజమాని రామ్‌ప్రసాద్ పిలిచి, "నీ కోడ్‌లో ఫంక్షన్లకి చుట్టిన ఆ క్లాసులన్నీ తీసెయ్. సాదా ఫంక్షన్లు చాలు. రేపు సాయంత్రం చూస్తాను. తర్వాత నీ కాంట్రాక్టు సంగతి మాట్లాడదాం," అన్నాడు. మాట్లాడదాం అన్న మాటతో మల్లేశుకి నిద్ర పట్టలేదు. కాంట్రాక్టు నెలాఖరుతో అయిపోతుంది.

సాయానికి స్వాతి పక్కన కూర్చుంది. గోల్ ఘర్ పేట పిల్ల. కొత్తగా చేరింది.

"భయ్యా, ఇదేటి? ఈ ఫంక్షన్‌కి వయసు ఇస్తే టికెట్ ధర చెప్తాది. నాలుగు లైన్లు. దానికో క్లాసు, దాని మీద ఇంకో క్లాసు. ఉల్లిపాయ వలిచినట్టుంది."

"ఉంటే ఉందిలేమ్మా. అన్నం అడిగిందా, నీళ్ళడిగిందా?"

"చదివేటప్పుడు నాకు ఏడుపొస్తాది కదా."

మల్లేశు నవ్వాడు. మౌస్ మీద చెయ్యి కదల్లేదు.

ఒకప్పుడు అతను కూడా ఫంక్షన్లని విడిగానే రాసేవాడు. మణికుమార్ అనే తోటి ఉద్యోగి సామాను ఛార్జీల కోసం అందులో ఒకదాన్ని చెప్పకుండా మార్చాడు. మర్నాడు జెట్టీలో చంటిపిల్లలకి కూడా పెద్దల ధర పడింది. కౌంటరు అద్దం పగిలింది. ఇది రాసిందెవడని జనం అరుస్తుంటే మల్లేశు జనరేటరు గది వెనక నిలబడ్డాడు. ఆ తర్వాతే మొదటి క్లాసు రాశాడు. ఫంక్షన్‌ని లోపల పెట్టి, వేరేవాళ్ళు ముట్టుకునే దారి మూశాడు. ఇక ఆగలేదు. కొన్నాళ్ళకి ఇంకో సంగతి తెలిసింది. వాటిని విప్పడం అతనికి తప్ప ఎవరికీ రాదు. అందుకే అతన్ని ఎవరూ పొమ్మనలేదు.

ఇప్పుడు తనే విప్పుతున్నాడు. క్లాసు తెరవడం, లోపలి ఫంక్షన్‌ని బయటికి తీయడం, మిగిలిన డొల్లని చెరిపెయ్యడం, పరీక్ష నడపడం. ప్రతిసారీ తెర మీద ఆకుపచ్చ గీత వచ్చింది. ఒక్కసారైనా ఎర్రది రావాలని కోరుకున్నాడు. ఏదో ఒక క్లాసు తీస్తే ప్రోగ్రాము ఆగిపోవాలి. అప్పుడు, చూశారా సార్, అనొచ్చు. రాలేదు.

మధ్యాహ్నం క్యారేజీ తీశాడు. భార్య కళ కట్టిచ్చింది. కవరు విప్పితే గుడ్డ, గుడ్డ విప్పితే క్యారేజీ.

"ఇంటికాడ కూడా క్లాసులేనా భయ్యా?"

"మా అయ్య డింగీ పడవలో అగ్గిపెట్టెని ఇలాగే చుట్టీవోడు. కవరు, గుడ్డ, పైన డబ్బా."

"మరి వానలో బీడీ ముట్టించాలంటే?"

"అన్నీ విప్పేసరికి వానే ఆగిపోయేది."

నవ్వుకి స్వాతికి పొలమారింది. మల్లేశు చేపముక్కని కెలికి వదిలేశాడు.

సాయంత్రానికి ఒక్క క్లాసు మిగిలింది. సీట్లది.

"దీన్ని ఉంచు భయ్యా. ఏ సీటు నిండిందో ఇది గుర్తుపెట్టుకోవాలి. మిగతావాటికి గుర్తుపెట్టుకోడానికి ఏటుంది? ఇచ్చింది లెక్కేసి చెప్పడమే, బస్."

మల్లేశు ఫైలుని పైనుంచి కిందికి జరిపాడు. వెంటనే అడుగు వచ్చేసింది. మళ్ళీ పైకి వెళ్ళి జరిపాడు. అంతే ఉంది. పదకొండేళ్ళ పని.

రామ్‌ప్రసాద్ వచ్చి నిలబడే చదివాడు. "ఠీక్ హై. ఇప్పుడు నాక్కూడా అర్థమౌతోంది," అన్నాడు. తర్వాత, "స్వాతి చూసుకోగలదా?" అని అడిగాడు.

స్వాతి తల ఎత్తలేదు. మల్లేశు లేచి నిలబడ్డాడు.

"చూసుకుంటాది సార్," అన్నాడు.

"అయితే నెలాఖరుదాకా రా మల్లేశూ. నీ జీతం హిసాబ్ అంతా అప్పుడు చేసేద్దాం."

"సరే సార్."

రామ్‌ప్రసాద్ వెళ్ళాక స్వాతి, "భయ్యా, నాకు తెలీదు. ఒట్టు," అంది.

"నీకేటి తెలుస్తాదమ్మా. మీ గోల్ ఘర్ బస్సుకి టైమైపోతోంది, నువ్వెళ్ళు."

బయట వాన పట్టుకుంది. ఆమె కింద అరుగు మీద నిలబడి అది తగ్గాలని చూస్తోంది. మల్లేశు మెట్లు దిగి, ఆమెని చూసి తల ఊపి, వానలోనే రోడ్డు దాటాడు. చేతిలోని క్యారేజీకి కవరు లేదు. గుడ్డ తడిసి మూతకి అంటుకుంది.

మర్నాడు అతను రాలేదు. ఫోను మోగి మోగి ఆగింది. ఆ తర్వాతి రోజూ అంతే. అతని మెషీన్ మీద కూర్చోమని రామ్‌ప్రసాద్ చెప్పాడు. స్వాతి కీబోర్డు కవరు ముడి విప్పింది. లోపల ఇంకో కవరు ఉంది. దాని మీద చేపల పులుసు మరక, మూలన రెండు ముడులు.