నీడకు కట్టిన పట్టీ

పొద్దున వంట కాగానే తల్లి కుట్టుమిషను పక్కకు జరిపి, కూతురి గదిలో కిటికీ తెరుస్తుంది. ఎండ వచ్చి ఎదురుగోడ మీద పడుతుంది. అప్పుడిక వ్యాయామం.

కూతురు దుకాణాలకు బోర్డులు రాస్తుంది. బట్టలకొట్టు గోడ మీద పేరు సగం రాసి నిచ్చెన మీంచి పడింది. కుడి భుజం విరిగింది. ఎముక అతికింది గానీ చెయ్యి లేవడం మానేసింది.

నీడ చెయ్యి మాత్రం లేస్తోంది. కూతురు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, గోడ మీద ఆమె నీడ చెయ్యెత్తి జుట్టు సవరించుకునేది, హాయిగా ఒళ్లు విరుచుకునేది.

“దానికేం, ఎముకలా పాడా,” అంది కింది వాటా పిన్ని. తెచ్చిన పాలగిన్నె అక్కడ పెట్టి వెళ్లిపోయింది.

ఫిజియో అమ్మాయి ఒక పట్టీ ఇచ్చింది. అందులో అగ్గిపెట్టెంత సెన్సర్. చవకదే. మణికట్టుకు కట్టుకుంటే చెయ్యి ఎంత లేచిందో దానికి తెలుస్తుంది. సరిగ్గా లేస్తే పచ్చదీపం, లేకపోతే ఎర్రదీపం. ఆ లెక్క ఫిజియో ఫోనులో కనిపిస్తుంది.

“నేను రాకపోయినా చూస్తుంటాను ఆంటీ. మానొద్దు. ఇప్పుడు బిగుసుకుపోయిందంటే ఇక ఆ భుజం అంతే.”

ఆ మాట తల్లి గుండెలో గుచ్చుకుంది. పట్టీ వదులుగా ఉందని తనే కుట్టి బిగించింది.

రోజూ ఎర్రదీపమే.

“దీనికి నేనంటే పడదమ్మా,” అంది కూతురు ఒకరోజు, పట్టీ లాగి మంచం మీద పడేస్తూ.

“ఇంకొక్కసారి, నా తల్లివి కదూ.”

“అంత సరదాగా ఉంటే నువ్వే చెయ్యి.”

నొప్పిమాత్ర వేసుకుని, తలగడకు చేరగిలబడి నిద్రపోయింది. ఫోను మోగింది. ‘ఇవాళ చెయ్యలేదా ఆంటీ?’ అని ఫిజియో సందేశం.

తల్లి మంచం మీది పట్టీ చేతిలోకి తీసుకుంది. గోడ మీంచి నీడ చెయ్యి చాపింది.

ఆ నీడ మణికట్టుకే కట్టింది. నీడ చెయ్యెత్తింది. పచ్చదీపం.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అమ్మ పోరు పెట్టడం మానేసిందని కూతురు సంతోషించింది. వారం గడిచాక, పట్టీ గోడ మీద ఉండగానే ఫిజియో ఫోను చేసింది.

“ఆంటీ! చెయ్యి తల పైదాకా లేస్తోందిగా! ఇక పట్టీతో పని లేదు. వేరేవాళ్లు ఎదురుచూస్తున్నారు, రేపొచ్చి తీసుకుంటాను.”

తల్లి ఫోను పెట్టేసి నీడ చేతి పట్టీ విప్పబోయింది.

ఫోను మోతకు కూతురు లేచింది. గోడ చూసింది. నీడ చేతికి పట్టీ.

“అమ్మా, నాకు బదులు దీంతో పరీక్ష రాయించావా?”

నవ్వింది. నవ్వితే భుజం కలుక్కుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“రేపు పట్టీ తీసుకుపోతారే,” అంది తల్లి.

“పోనీ. ఎడమచేత్తో రాస్తాను.”

“రాశావుగా మొన్న. అక్షరాలు గోడెక్కే బల్లుల్లా ఉన్నాయి.”

కూతురు లేచి గోడ దగ్గరికి వెళ్లింది. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని, నీడ అరచేతికి తన అరచెయ్యి ఆనించింది.

“ఒక్కదానివే పోతావేంటే? నన్నూ తీసుకెళ్లు.”

నీడ ఆమె వైపు చూసినట్టే ఉంది. పట్టీ విప్పి ఆమె మణికట్టుకు చుట్టింది. తన చెయ్యి కిందికి, కూతురి చెయ్యి ఉన్న చోటికి దించుకుంది. ఇద్దరూ కలిసి మొదలుపెట్టారు. నొప్పి పుట్టిన చోట నీడ ఆగింది. కూతురు ఊపిరి పీల్చుకునేదాకా ఆగే ఉంది. మళ్లీ కాస్త పైకి. గోడ మీది లైటు స్విచ్చు ఎత్తు దాటేసరికి నీడ చెయ్యి వణికింది. అది వణకడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

ఎర్రదీపమే. అయినా కూతురు పట్టీ తియ్యలేదు.

మర్నాడు ఫిజియో వచ్చింది. చెయ్యి ఎత్తించింది. ఫోను చూసుకుంది.

“ఇదేంటి ఆంటీ? నిన్నటిదాకా తల పైకి పోయింది, ఇవాళ భుజం దాకా కూడా రాలేదు?”

ఫిజియో గోడ వైపు చూసింది. చెయ్యి, నీడ ఒక్క ఎత్తునే ఆగి వణుకుతున్నాయి.

“ఓ, దీనికి కట్టారా! మొన్న ఒక తాతగారింట్లోనూ ఇదే పని,” అంటూ సంచి మూసింది. “పట్టీ ఉంచండి. ఇకమీదట చేతికే కట్టాలి, సరేనా?”

ఆ తర్వాత నీడ ఎన్నడూ ఒంటరిగా చెయ్యెత్తలేదు. జుట్టు సవరించుకోవాలన్నా కూతురి కోసం కాచుకుని ఉండేది. ఎర్రదీపాల మధ్య ఒక పచ్చదీపం వచ్చింది. తర్వాత ఇంకొకటి.

వానలు వెలిశాక కూతురు బట్టలకొట్టు నిచ్చెన ఎక్కింది. సగంలో ఆగిన అక్షరం దగ్గర బ్రష్షు పెట్టింది. ఎండలో గోడ మీద నీడ కూడా బ్రష్షు పెట్టింది.

“అమ్మా, పట్టుకున్నావా?”

“పట్టుకున్నానే. నువ్వు రాయి.”

కింద నిచ్చెన పట్టుకున్న ఆమె చేతులు వణుకుతున్నాయి. గోడ మీద ఆమె నీడ చేతులు మాత్రం కదలకుండా గట్టిగా పట్టుకున్నాయి.