బావ చాటు బావమరిది

సైకిల్ రేసు రెండు చుట్లు. స్టేడియం దగ్గర బయల్దేరి, రిజర్వాయరు గట్టు దాటి, ఫ్యాక్టరీల మధ్య రోడ్డు పట్టి, కొండ ఎక్కి దిగి మళ్ళీ స్టేడియం దగ్గరికే రావాలి. మొదటి చుట్టుతో బావ ఆపేసి ఇంటికి వెళ్ళిపోతే అక్క దొరికిపోతుంది. ఆ ఉదయం తమ్ముడి బుర్రలో ఉన్నది ఇదొక్కటే.

ముందురోజు అక్క అతను పనిచేస్తున్న చోటికి వచ్చింది. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఆరో అంతస్తులో లిఫ్టు తలుపు పట్టాలకు గ్రీజు రాస్తున్నాడు. అక్క మెట్లెక్కి వచ్చి, ఆయాసం తగ్గేదాకా గోడకు ఆనుకుని నిలబడింది.

"లిఫ్టులవాడు తమ్ముడైనా మెట్లు తప్పలేదు నాకు," అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది. "రేపు మీరు రేసుకి వెళ్ళాక వ్యాను వస్తుంది. నేనూ పాపా వెళ్ళిపోతున్నాం. సామాను ఎక్కించేసరికి పదవుతుంది. అప్పటిదాకా మీ బావని అక్కడే ఉంచు."

అతను గ్రీజు డబ్బా కింద పెట్టాడు. "కొట్టాడా?"

"కొట్టాలన్నా దగ్గరికి రావాలి కదరా. మాట్లాడడు. వానలు మొదలైనప్పుడు మానేశాడు. ఎందుకో తెలీదు. ఎందుకో చెప్పాలన్నా మాట్లాడాలి కదా. కూరలో ఉప్పు తక్కువైతే పాపకి చెబుతాడు, పాప నాకు చెబుతుంది."

"బావా? రోడ్డెక్కితే ఆయన నోరు మూతపడదే."

"అవును. ఏడాదంతా నాతో ఆడిన మాటలకన్నా, కొండెక్కుతూ ఆయాసపడుతూ నీతో ఆడినవే ఎక్కువ." ఆమె చీర కుచ్చిళ్ళకు అంటిన సున్నం దులుపుకుంది. "మొన్న పాపకి నామీద కోపమొచ్చింది. రెండు రోజులు నోరు విప్పలేదు. ఏడేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్నలాగే గోడకేసి చూస్తూ అన్నం తింది."

"బావకి చెప్పి వెళ్ళొచ్చుగా అక్కా."

"చెబితే వింటాడు. ఏమీ అనడు. గుమ్మంలో నిలబడతాడు. నేను పెట్టె విప్పేస్తాను. రెండుసార్లు విప్పేశాను."

తమ్ముడు సరే అన్నాడు. అక్క దిగి వెళ్ళాక మిగిలిన పట్టాకు గ్రీజు రాశాడు. ఆ పనిలో పొరపాటేమీ చేయలేదు.

సైకిల్ పందెంలో ముందున్నవాడు గాలిని కోసుకుంటూ వెళ్తాడు. వెనకవాడు అతని చక్రానికి జానెడు దూరంలో తన చక్రం పెట్టి, ఆ చాటున సాగుతాడు. ముందువాడు పడే కష్టంలో వెనకవాడికి చాలా భాగం తప్పుతుంది. తమ్ముడు పోటీల్లోకి దిగినప్పటి నుంచి బావ ముందు, అతను వెనక. సైకిల్ కొనిపెట్టింది, గేర్లు మార్చడం నేర్పింది బావే.

బయల్దేరే గీత దగ్గర, వాళ్ళ సైకిల్ క్లబ్బులోని టైలరు ఎప్పటిలాగే అందుకున్నాడు. "తల్లి చాటు బిడ్డని చూశాం. మొగుడి చాటు పెళ్ళాన్ని చూశాం. బావ చాటు బావమరిదిని మాత్రం ఇక్కడే చూస్తున్నాం."

"నా వెనక నీడ బాగుంటుందిలే. నీ వెనకొస్తే ఏముంది, బొత్తాలు ఏరుకోవాలి," అన్నాడు బావ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తమ్ముడు కూడా పళ్ళు కనబడేలా పెదాలు విప్పాడు.

బావకు జలుబు చేసింది. గట్టు మీద రెండుసార్లు ముక్కు చీదాడు. ఫ్యాక్టరీల రోడ్డులో ముందున్న గుంపు వీళ్ళని వదిలేసి పోయింది. కొండ సగం ఎక్కాక బావ వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఒరేయ్, ఈ చుట్టుతో చాలు. తల దిమ్ముగా ఉంది. ఇంటికి పోయి పడుకుంటా."

తమ్ముడు పెడల్ గట్టిగా తొక్కాడు. పక్కకు వచ్చి, బావను దాటి, అతని ముందుకు చేరాడు.

"ఏంటిది?"

"నా వెనక రా బావా."

"నీ వెనకా? పొద్దున ఏం తిన్నావురా?"

"ఊరికే రా."

కొండ దిగువన ఎదురుగాలి ఉంది. అది ఇంత ఉంటుందని తమ్ముడికి ఇన్నేళ్ళుగా తెలియదు. చెవుల్లో ఇంకే శబ్దమూ లేకుండా పోయింది. తల వంచి తొక్కాడు. మధ్యమధ్యలో చంక కింద నుంచి వెనక్కి చూశాడు. బావ చక్రం అక్కడే ఉంది.

స్టేడియం దగ్గర తాము వచ్చిన కారు కనబడింది. వేపచెట్టు కింద, అతను ఆపిన చోటే ఉంది. వెనక నుంచి బావ చక్రం పక్కకు జరిగిన చప్పుడు వినబడింది. బావ కారువైపు తిప్పుతున్నాడు.

"బావా, ముందున్నవాళ్ళలో నలభై ఏళ్ళు దాటినవాళ్ళు ముగ్గురే, ఒక్కణ్ణి దాటితే నీకు మెడల్," అన్నాడు తమ్ముడు. "టైలరు పనైపోయింది. కొండ మీద దిగి నడిచాడంట."

టైలరు సంగతి అతను అప్పటికప్పుడు అల్లింది. బావ హ్యాండిల్ తిప్పడం ఆపాడు. "నడిచాడా?" అని నవ్వాడు. చక్రం మళ్ళీ వెనక్కి వచ్చింది.

రెండో చుట్టులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గట్టు, ఫ్యాక్టరీలు, కొండ. తొడలు నొప్పి పెడుతున్నాయని తమ్ముడికి తెలుసు. ఆ నొప్పి పక్కింట్లో ఫోను మోగినట్టుంది, ఎవరో తీస్తారులే అన్నట్టు. ఈపాటికి మంచం విప్పి ఉంటారు అనుకున్నాడు. ఆ మంచం బావ బిగించిందే. వెనక నుంచి బావ మాట్లాడుతూనే ఉన్నాడు. గేరు మార్చమన్నాడు. మోచేతులు వదులు చెయ్యమన్నాడు. "బంగారు కొండవిరా. ఈ ఓపికంతా ఇన్నాళ్ళు ఎక్కడ దాచావ్?" అన్నాడు.

కొండ మీద టైలరు నిజంగానే దిగి నడుస్తున్నాడు. బావ అతణ్ణి దాటుతూ, "బొత్తాలేమైనా పడ్డాయా?" అని అడిగాడు.

స్టేడియం ముందు ఆఖరి మలుపులో తమ్ముడు పక్కకు తప్పుకున్నాడు. బావ పెడల్స్ మీద లేచి నిలబడి గీత దాటాడు. నలభై దాటినవాళ్ళలో మూడో స్థానం. తమ్ముడు కంచె పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కాడు. గడియారం పది దాటింది. మెడల్స్ ఇచ్చేసరికి ఇంకో అరగంట పట్టింది.

బావ మెడల్‌తోనే కారు దగ్గరికి వచ్చాడు. సైకిల్‌ను తలకిందులుగా పెట్టి ముందు చక్రం విప్పుతూ, "మీ అక్కకి ఫోన్ చెయ్," అన్నాడు. "మెడల్ వచ్చిందని చెప్పు."

"నువ్వే చెప్పు బావా."

"నువ్వు చెప్పరా. నీకైతే పలుకుతుంది."

తమ్ముడు ఫోను తియ్యలేదు. "అక్క ఇంట్లో లేదు బావా. పాపని తీసుకుని వెళ్ళిపోయింది."

బావ చెయ్యి ఆగలేదు. నట్టు ఊడదీసి చక్రాన్ని కారుకు ఆనించాడు. "ఎప్పుడు?"

"మనం రెండో చుట్టులో ఉన్నప్పుడు."

"అందుకా ముందు తొక్కావ్."

"అందుకే."

బావ సైకిల్‌ను డిక్కీలో పెట్టాడు. చక్రాన్ని పక్కన సర్ది, గీతలు పడకుండా మధ్యలో తువ్వాలు పెట్టాడు. "ఇంటికి తాళం వేసుంటుంది," అన్నాడు. "నా దగ్గర తాళంచెవి లేదు. నేనెప్పుడూ పెట్టుకోను."

"కింద వాటా ఆవిడకి ఇచ్చింది."

"ఆవిడకీ తెలుసన్నమాట."

తమ్ముడు కారు తీశాడు. ఫ్యాక్టరీల రోడ్డులో రేసు కోసం అడ్డుగా పెట్టిన డబ్బాలను ఇద్దరు మనుషులు లారీలోకి విసురుతున్నారు. లారీ కదిలేదాకా ఆగాల్సి వచ్చింది. నీళ్ళు తాగుతావా అని తమ్ముడు అడిగాడు. బావ ముందు అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తున్నాడు. వినబడలేదేమో అనుకుని, సీసా మూత తీసి మళ్ళీ అడిగాడు.

లారీ కదిలింది. తమ్ముడు సీసాను బావ ముందు కాసేపు పట్టుకున్నాడు. తర్వాత మూత పెట్టి, గేరు వేశాడు.