నవ్వుల తరగతి

ముందు నవ్వు వినిపించింది.

గోడకు అవతల ఈల మోగినప్పుడల్లా వంద గొంతులు ఒక్కసారిగా నవ్వేవి, ఒక్కసారిగా ఆగేవి. గేటు దాటాకే మనుషులు కనిపించారు. ఇనుము కరిగించే కొలిమి గొట్టం కింద, బూడిద రాలుతున్న ఆవరణలో, వరసలు కట్టి చేతులెత్తి నవ్వుతున్న కార్మికులు. మేమూ కలిశాం. ముందురోజే, బొగ్గు తూచే మా తూకం మనిషి భార్యను కాటికి సాగనంపి వచ్చాం. ఆమె తన ప్రాణం తానే తీసుకుంది.

మిత్రులారా, ఆ తరగతి మేం అడిగి తెచ్చుకున్నదే. ఇళ్ళలో నిద్ర లేదు. మాటకు మాట పొసగదు. పిల్లలు ఆడరు, తల్లులు గోడవైపు తిరిగి పడుకుంటారు. "మా మనసులు బాగోలేవు, ఏదైనా చేయండి" అని యాజమాన్యాన్ని వేడుకుంటే ఒక శిక్షకుణ్ణి పంపారు. "గుండెనిండా గాలి పీల్చండి, బాధ వదిలేయండి" అంటాడతను. పీల్చాం. కొరివితో తల గోక్కున్నాం.

ఆ ఉదయం చనిపోయినామె అన్న, బొగ్గెత్తేవాడు, తూకం మనిషి చొక్కా పట్టుకున్నాడు.

"నవ్వుతున్నావురా? నా చెల్లెల్ని పొట్టన పెట్టుకుంది నీ నోరే!"

"అవును బావా, నా నోరే. కూర బాగోలేదని కంచం విసిరాను. కూర బాగానే ఉంది. ఎందుకు విసిరానో నాకే తెలీదు."

"ఎవరింట్లో విసరలేదు?" అంది బూడిద మోసే పిన్ని. "సొట్టలేని కంచం ఉన్న ఇల్లు చూపించండి, ఆ ఇంటికి నేను ఊరికే చాకిరీ చేస్తా!"

ఈల లేకుండా వచ్చిన నవ్వు అదొక్కటే.

తూకం మనిషి మాత్రం నవ్వలేదు. "మరమ్మతుకని కొలిమి ఆపినప్పుడు దుప్పట్లు బయట ఆరేసింది బావా. పాట పాడింది. పక్కన కూచుని బఠాణీలు ఒలిచాను. మళ్ళీ కొలిమి అంటించారు. తను తలుపేసుకుంది. నేను అరవడం మొదలుపెట్టాను."

చొక్కా మీద చెయ్యి వదులైంది. ప్రతి ఇంటికీ ఆ రోజులు గుర్తొచ్చాయి. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, అందరం పైకి, గొట్టం వైపు చూశాం.

"కబుర్లాపి గాలి పీల్చండి!" శిక్షకుడు ఈల వేశాడు.

పిన్ని తలగుడ్డ విప్పి ముక్కుకు చుట్టుకుంది. వరస వెంట వరస అలాగే చుట్టుకుంది. ఈల మళ్ళీ మోగింది. ఎవరూ నవ్వలేదు. కొలిమి వైపు ఎవరూ కదల్లేదు.

గెలుస్తామని ఎవరికీ నమ్మకం లేదు. మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. వాళ్ళ వెనకే లారీలో బయటి కూలీలొచ్చి మా కళ్ళెదుటే బొగ్గెత్తారు. గొట్టం నల్లగా కక్కింది. మాలో చాలామంది ఉన్నచోటే కూలబడ్డారు. రాత్రికి ఇళ్ళలో మళ్ళీ ఏం జరుగుతుందో మాకు తెలుసు.

పోలీసు అధికారి తూకం మనిషినీ బొగ్గెత్తేవాణ్ణీ ఒకే సంకెలకు తగిలించాడు.

"ఇంటి గొడవను కంపెనీ నెత్తిన రుద్దుతారా?" అని బొగ్గెత్తేవాణ్ణి అడిగాడు. "వీడే కారణమని చెప్పు, నిన్నిప్పుడే వదిలేస్తా. నీ చెల్లెల్ని చంపిందెవరు?"

అన్న తన చెల్లెలి మొగుడి ముఖంలోకి చూశాడు. దగ్గు తెరిపి ఇచ్చేదాకా ఆగాడు. ఇన్నేళ్ళూ మేం కోపమనీ, దిగులనీ, తలరాతనీ పిలుచుకున్నదాన్ని, గేటు అవతలివాళ్ళకు కూడా వినిపించేలా దాని అసలు పేరుతో పిలిచాడు.

"పొగ!"